కేసింగ్ ఎన్ని అడుగులు పడింది?

నాచారంలోనో ఉప్పల్‌లోనో ఒక కాలనీలో పక్కపక్క ప్లాట్లలో రెండు బోర్లు వేశారనుకుందాం. మొదటి దాంట్లో ఇరవై అడుగులు దిగగానే తెల్లటి రాతిపొడి లేస్తుంది, కేసింగ్ పైపు అక్కడితో ఆపేస్తారు. గోడకు అవతలి బోరులో అరవై అడుగులు దాటినా గోధుమరంగు మొరమే వస్తుంటుంది. పైపు మీద పైపు దించుతూనే ఉంటారు, బిల్లు పెరుగుతూనే ఉంటుంది. సెల్లార్ తవ్వేటప్పుడూ ఇదే తంతు. ఒకచోట జేసీబీ నాలుగు రోజుల్లో పని ముగించుకుని వెళ్లిపోతుంది. ఎదుటి స్థలంలో బ్రేకర్ నెలంతా టకటకలాడి వీధి వీధికే నిద్ర లేకుండా చేస్తుంది. ఇల్లు కట్టుకునేవాళ్లు దీన్ని అదృష్టం లెక్కలో వేసేస్తారు. నిజానికి దీని వెనక కోట్ల ఏళ్ల పాటు సాగిన ఒక వరస ఉంది. తెలిసినవాళ్లు దాన్ని చదవగలరు కూడా.

ఇదే తేడాని ఊరంత పెద్దగా ఊహించుకుంటే ప్రశ్న మారుతుంది. ఉప్పల్ చౌరస్తాలో నిలబడి చూడండి. మెట్రో పైకే, పాదచారుల స్కైవాక్ పైకే, వరంగల్ వైపు వెళ్లే ఎలివేటెడ్ కారిడార్ స్తంభాలూ పైకే. 2017 నవంబరులో మొదలైన హైదరాబాద్ మెట్రో తొలి దశ దాదాపు 69 కిలోమీటర్లు ఉంటే, అందులో ఒక్క కిలోమీటరూ భూమి లోపల లేదు. నాగోలు నుంచి వస్తుంటే ఉప్పల్, స్టేడియం తర్వాత ఎన్‌జీఆర్‌ఐ స్టేషన్ వస్తుంది. భూగర్భాన్ని చదవడమే పనిగా పెట్టుకున్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ పేరు దానికి పెట్టారు. ఆ స్టేషనూ గాల్లోనే ఉంది! అయితే స్థలం ఇక పైన కూడా ఇరుకవుతోంది. మురుగు కాల్వలు, వాన నీటి మార్గాలు, కేబుళ్లు, పార్కింగ్, రేపటి మెట్రో మార్గాలు నేల కిందికి దిగక తప్పదన్న మాట గట్టిగానే వినిపిస్తోంది. ఆ మాట రాగానే వచ్చే సమాధానం కూడా ఒకటే: ‘మనది గ్రానైట్ నేల, గట్టి రాయి, తొలిస్తే కూలదు.’ ఇది సగం నిజం. ఇక్కడ కష్టం గట్టి రాయి వల్ల రాదు, మెత్తటి మట్టి వల్లా రాదు. ఆ రెంటి మధ్య ఉన్న పొరలో ఉంది చిక్కంతా. మనకు సౌకర్యంగా ఉండే లోతు, ఆ పొర ఉండే లోతు చాలాచోట్ల ఒకటే కావడం అసలు దురదృష్టం.

రాయి చివికే తీరు

హైదరాబాద్ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అది పుట్టింది నేల మీద కాదు, కిలోమీటర్ల లోతున. పైనున్న రాయి కోట్ల ఏళ్లలో అరిగి కొట్టుకుపోతుంటే, నెత్తిన బరువు దిగినట్టయి కిందిది కొంచెం ఉబ్బింది. అలా ఉబ్బుతూ నేలకు సమాంతరంగా పొరలు పొరలుగా విడింది. నాచారానికి ఉత్తరాన ఉన్న మౌలాలి గుట్ట ఒళ్లంతా ఈ పొరలే, ఉల్లిపాయ రేకుల్లా. వీటికి తోడు నిలువు పగుళ్లు కూడా ఉంటాయి కాబట్టి రాయి మొత్తం పెద్ద పెద్ద దిమ్మెలుగా విడిపోయి ఉంటుంది. వాననీరు ఈ సందుల్లోకి దిగి తన పని మొదలుపెడుతుంది. గ్రానైట్‌లో ముఖ్యంగా మూడు ఖనిజాలు ఉంటాయి. ఫెల్డ్‌స్పార్ నీటితో కలిసి నెమ్మదిగా బంకమట్టిగా మారిపోతుంది. నల్ల అభ్రకం నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఆ ఉబ్బు చుట్టూ ఉన్న రాయిని సన్నగా చీలుస్తుంది. పలుగు మాత్రం దేనికీ లొంగదు, ఇసుక రేణువులుగా మిగిలిపోతుంది. బంకమట్టీ పలుగు ఇసుకా కలిస్తే మనం మొరం అనేది అదే. బయటి నుంచి తెచ్చి పోసిన మట్టి కాదది, ఉన్నచోటే చివికిపోయిన గ్రానైట్.

దిమ్మె అంతా ఒకేలా చివకదు. బెల్లం దిమ్మని నీళ్లలో వేస్తే ముందు కరిగేవి మూలలు. మూలకు మూడు వైపుల నుంచి నీళ్లు తగులుతాయి, అంచుకు రెండు వైపుల నుంచి, ముఖానికి ఒక వైపు నుంచే. అందుకే చదరపు దిమ్మె కాస్తా గుండ్రని గుండై, చుట్టూ మొరం కప్పుకుని కూర్చుంటుంది. ఆ మొరం వానలకు కొట్టుకుపోతే మిగిలేవే హైదరాబాద్ చుట్టుపక్కల ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనబడే బండరాళ్లు. మొరం కొట్టుకుపోని చోట అవే గుండ్లు నేల లోపల దాగి ఉంటాయి. పగుళ్లు దూరదూరంగా ఉన్నచోట నీటికి దారి దొరకదు కాబట్టి గుట్ట నిలబడుతుంది. పగుళ్లు ఒత్తుగా ఉన్నచోట రాయి లోతుగా చివికి నేల పల్లమవుతుంది. నీళ్లు చేరే ఆ పల్లాలకే కట్టలు వేసి చెరువులు చేసుకున్నారు మన పెద్దలు. మౌలాలి గుట్ట, నాచారం పెద్ద చెరువు, ఉప్పల్ నల్ల చెరువు ఒకే రాతి మీద ఉన్నాయి. పగుళ్ల మధ్య దూరమే తేడా. పక్కపక్క బోర్లలో కేసింగ్ లెక్క మారడానికీ కారణం అదే.

మొత్తం వరస ఎలా ఉంటుందో బాగా లెక్కకట్టి చూపిన పని మన దగ్గరే జరిగింది. హైదరాబాద్‌కు దక్షిణాన మహేశ్వరం దగ్గర 53 చదరపు కిలోమీటర్ల నీటిపరీవాహక ప్రాంతాన్ని ఎన్‌జీఆర్‌ఐ, ఫ్రెంచి భూవిజ్ఞాన సంస్థ బీఆర్‌జీఎం కలిసి ఏళ్ల తరబడి చదివాయి. అక్కడ తేలిన క్రమం సుమారుగా ఇది: పైన 10 నుంచి 20 మీటర్లు మొరం, దాని కింద మరో 15 నుంచి 20 మీటర్లు పగుళ్ల రాయి, ఆ కింద పగుళ్లు అరుదైన తాజా గ్రానైట్. బోర్లకు నీళ్లిచ్చేది ప్రధానంగా మధ్యనున్న పగుళ్ల పొరే. నగరంలో ప్రతిచోటా ఇవే అంకెలు ఉండవు. కొన్నిచోట్ల బండ నేల మీదే తేలి ఉంటుంది. మధ్యలో నల్లరాతి డైకులు నిలువు గోడల్లా అడ్డొచ్చి, అటూ ఇటూ నీటిమట్టాన్ని వేరు చేస్తాయి. కానీ వరస మాత్రం ఇదే.

సీతాఫలంలో కత్తి

సొరంగం తొలిచే యంత్రం ముందు భాగంలో ఉక్కు చక్రాలు ఉంటాయి. అవి రాతిని గీకవు, బలంగా నొక్కుతూ దాని మీద దొర్లుతాయి. పక్కపక్క రెండు చాళ్ల మధ్య ఉన్న రాయి పెళ్లలుగా ఊడి వస్తుంది. ఈ పని జరగాలంటే రాయి కదలకుండా ఎదురు నిలవాలి. తాజా గ్రానైట్ అలాగే నిలుస్తుంది. చక్రాలు అరిగితే మార్చుకుంటూ రోజుకు ఇన్ని మీటర్లని పోవచ్చు. ఉత్త మొరమైతే వేరే రకం పళ్లతో తవ్వుకుంటూ, ముందు గోడ కూలకుండా ఒత్తిడి నిలుపుకుంటూ పోవచ్చు. రెండూ తెలిసిన విద్యలే. మొరంలో గుండ్లున్న చోట మాత్రం వ్యవహారం సీతాఫలంలోకి కత్తి దించినట్టుంటుంది. గుజ్జు తెగుతుంది, గింజ తెగదు, పక్కకు జారుతుంది. గుండు కూడా అంతే. చక్రం నొక్కితే మొరంలోనే గిర్రున తిరిగి, పగలకుండా చక్రాన్నే సమ్మెట దెబ్బలా కొడుతుంది. ఇంకో రకం ఇంతకన్నా చెడ్డది. సొరంగం ముఖంలో కింది సగం బండ, పై సగం మొరం ఉంటే, యంత్రం బండ దగ్గర అంగుళం అంగుళంగా నడుస్తుంటుంది. ఆలోపు పై నుంచి మొరం అవసరానికి మించి లోపలికి జారి వస్తుంది. లోపలికి ఎంత ఎక్కువ మట్టి వచ్చిందో, పైన రోడ్డు కింద అంత ఖాళీ ఏర్పడినట్టు.

ఇలాంటి నేల మీదే ఉన్న బెంగళూరు దీన్ని అనుభవించి చూసింది. అక్కడి మెట్రో తొలి దశలో ‘గోదావరి’ అని పేరు పెట్టుకున్న యంత్రం కటర్ తల దెబ్బతిని నెలల తరబడి కదలకుండా ఉండిపోయింది. మన నగరాల్లో మెట్రో సొరంగాలు సాధారణంగా నడిచేది 15 నుంచి 25 మీటర్ల లోతున. మహేశ్వరం వరస పక్కన ఈ అంకె పెట్టి చూస్తే పగుళ్ల పొర పైఅంచు, మొరం అడుగు ఆ లోతులోనే కలుస్తున్నాయి. ఆ పొరలోనే నీళ్లున్నాయని కూడా గుర్తుంచుకోవాలి. సరిగ్గా లైనింగ్ వేయని సొరంగం ఒక అడ్డ బోరు లాంటిది. పైన కాలనీ బోర్లను ఎండగడుతుంది. పూడిన చెరువు శిఖం మీద ఇళ్లుంటే నీరు దిగిన మట్టి కుంగి గోడలు పగలవచ్చు.

మరి ఇదే రాతిజాతి మీద ఉన్న హెల్సింకి నగరం నేల కింద ఈత కొలను, పార్కింగ్, సొరంగాలు కట్టుకుని, 2010లో ఏకంగా భూగర్భానికే మాస్టర్ ప్లాన్ ఆమోదించుకుంది కదా, మనకేమొచ్చింది అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు మంచు దగ్గర ఉంది. హిమయుగాల్లో హిమానీనదాలు ఫిన్లండ్ నేలను బాడిసెతో గీకినట్టు గీకేశాయి. చివికిన రాయి అంతా కొట్టుకుపోయి, పది పన్నెండు వేల ఏళ్ల కిందట మంచు వెనక్కి తగ్గేసరికి తాజా బండ నేలమట్టానికి తేలింది. దక్కనుకు అలాంటి క్షవరం ఎన్నడూ జరగలేదు. హెల్సింకిలో పది మీటర్ల లోతున దొరికే రాయి మనకు చాలాచోట్ల ముప్పై, నలభై మీటర్లు దిగితే గాని దొరకదు. దొరికాక అది ఏమాత్రం తీసిపోదు. అందువల్ల ఉప్పల్ లాంటి చోట తెలివైన దారులు రెండు: పైనుంచి తవ్వి, కట్టి, పూడ్చేయడం. లేదా పగుళ్ల పొరను దాటి బాగా కిందికి దిగిపోవడం. దిగితే స్టేషన్లు లోతవుతాయి, లిఫ్టులూ ఎస్కలేటర్లూ పొడవవుతాయి, ఖర్చు పెరుగుతుంది. ఖర్చుకు వెనకాడి మధ్యలో ఆగితే, ఆ మిగిల్చిన డబ్బు ఆగిపోయిన యంత్రం అద్దెకు పోతుంది.

> కోర్ పెట్టెను ఎలా చదువుతారు?
> డ్రిల్లింగ్‌లో వజ్రాల బిట్ రాతిని గుండ్రని కడ్డీలా కోసి పైకి తెస్తుంది. ఆ ముక్కల్ని లోతు వరసలో పొడవాటి పెట్టెలో పేర్చుతారు. భూవిజ్ఞాని ముందు చూసేది ముక్కల చివర్లను. తుప్పు రంగు పట్టి ఉంటే ఆ పగులులో ఎన్నో ఏళ్లుగా నీరు నడుస్తోందని అర్థం. మెరుస్తూ తాజాగా ఉంటే అది డ్రిల్లింగ్‌లో పడిన విరుపు, పగులుగా లెక్కలోకి రాదు. తర్వాత 10 సెంటీమీటర్లు, అంతకు మించి ఉన్న ముక్కల పొడవులు కూడతారు. 150 సెంటీమీటర్ల డ్రిల్లింగ్‌లో అలాంటి ముక్కల మొత్తం 90 అయితే రాతి నాణ్యత 60 శాతం. ఆర్‌క్యూడీ అనే ఈ కొలతను 1960లలో అమెరికా ఇంజనీరు డాన్ డీర్ తెచ్చాడు. పెట్టెలో ఖాళీగా మిగిలిన జాగా కూడా ఒక సమాచారమే: అక్కడి రాయి ఎంత చివికిపోయిందంటే బిట్‌కు ముక్కగా కూడా దొరకలేదు.

గుండును బండ అనుకుంటే

ఈ చదువు పేరు ఇంజనీరింగ్ జియాలజీ. సివిల్ ఇంజనీరు ఈ నేల ఎంత బరువు మోస్తుందని అడుగుతాడు. ఇంజనీరింగ్ జియాలజిస్టు ఇది ఇలా ఎందుకైంది, పది అడుగుల అవతల ఎలా మారుతుందని అడుగుతాడు. రెండో ప్రశ్న వేయకపోతే ఏమవుతుందో ఒక చిన్న ఉదాహరణ చాలు. బోరు నాలుగు మీటర్లకు రాతిని తాకింది, రిపోర్టులో ‘నాలుగు మీటర్లకు బండ’ అని రాసేశారు. అది బండ కాదు, రెండు మీటర్ల గుండు. దాని కింద మళ్లీ మొరమే. అనుభవమున్నవాడు రాయి తగిలాక కూడా మరికొన్ని మీటర్లు తొలిపించి, కింది నుంచి వచ్చే పొడి రంగు తెలుపు నుంచి గోధుమకు తిరగలేదని తేల్చుకుంటే గాని సంతకం పెట్టడు. మందుగుండుతో పేల్చి తొలిచే సొరంగంలోనైతే ఈ పనికి గడియారం కూడా అడ్డం. పేల్చిన తర్వాత బయటపడిన రాతిముఖాన్ని కాంక్రీటు చల్లి కప్పేసే లోపు పగుళ్లు ఎటు వాలాయి, ఎక్కడ నీరు ఊరుతోంది, ఏ సందులో బంక ఉందని బొమ్మ గీసుకోవాలి. కప్పేశాక ఆ ముఖం మళ్లీ ఎవరికీ కనబడదు. ఎన్ని బోల్టులు కొట్టాలో, ఎక్కడ ఉక్కు కమానులు నిలపాలో ఆ బొమ్మే చెబుతుంది.

ఇప్పుడు భూమి లోపలికి చూసే యంత్రాలున్నాయి, ఈ సుత్తీ బూటూ మనిషి ఎందుకన్న వాదన కూడా ఉంది. యంత్రాలు అవసరమే. ఉక్కు పలక మీద సుత్తితో కొట్టి, కంపనం ఎంత వేగంగా వచ్చిందో వరసగా గుచ్చిన జియోఫోన్లతో పట్టే పద్ధతి ఉంది. వదులు మట్టిలో కంపనం సెకనుకు కొన్ని వందల మీటర్లు పోతుంది, తాజా గ్రానైట్‌లో ఐదు వేలు దాటుతుంది. తేడా ఇంత ఉంది కాబట్టి పొరల లోతు బాగానే దొరుకుతుంది. కానీ ఇందులో ఒక గుడ్డి మచ్చ ఉంది. గట్టి పొర కింద మెత్తటి పొర దాగి ఉంటే ఈ పద్ధతి దాన్ని చూపదు. గ్రానైట్‌లో అలా దాగడం మామూలు. బోర్లు వేస్తే అవి సందేహం లేకుండా చెబుతాయి, అయితే తాము దిగిన చోటు గురించే చెబుతాయి. రెండింటినీ పక్కన పెట్టుకుని, రాయి చివికే వరస మనసులో ఉంచుకుని, మధ్యనున్న ఖాళీని పూరించడం మనిషి పని. అది ఊహే, కానీ లెక్కగల ఊహ.

ఆ ఊహకు అందనిది ఎదురైతే ఏమవుతుందో తెలంగాణ 2025 ఫిబ్రవరి 22న చూసింది. నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర, దాదాపు 44 కిలోమీటర్ల శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగంలో, సుమారు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలి నీరూ బురదా ముంచెత్తాయి. ఎనిమిది మంది చిక్కుకున్నారు, ఒక్కరూ ప్రాణాలతో రాలేదు. అక్కడి రాయి వేరు, లోతు వేరు, పైన అమ్రాబాద్ పులుల అభయారణ్యం. ఉప్పల్‌తో పోల్చి భయపెట్టడం సరికాదు. పోలిక ఒక్క విషయంలోనే: యంత్రం ముందున్న బలహీన పట్టీ గురించి యంత్రానికన్నా ముందు మనిషికి తెలియాలి. ప్రమాదం తర్వాత శిథిలాల్లో రాడార్‌తో వెతికిన వాళ్లలో ఉప్పల్ రోడ్డు ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు ఉన్నారు. తర్వాత ఆ మార్గాన్ని హెలికాప్టర్ నుంచి విద్యుదయస్కాంత పద్ధతిలో సర్వే చేసే పనీ ఆ సంస్థకే వచ్చింది. ఈ క్రమం తిరగబడాలి, అంతే.

> నీరు శత్రువా, కాపలాదారా?
> విశాఖపట్నంలో సుమారు 200 మీటర్ల లోతున రాతిలో తొలిచిన గుహల్లో 60,000 టన్నుల వంటగ్యాస్ నిల్వ చేస్తారు. 13.3 లక్షల టన్నుల ముడిచమురు పట్టే వ్యూహాత్మక గుహలూ ఆ నగరంలోనే ఉన్నాయి. వీటికి ఉక్కు తొట్టి ఉండదు. చుట్టూ రాతి పగుళ్లలో నీటి ఒత్తిడి లోపలి ఒత్తిడి కన్నా ఎక్కువ ఉండేలా చూస్తారు. పగుళ్లలోంచి నీరే లోపలికి ఊరుతుంది గాని గ్యాస్ బయటికి పోలేదు. మెట్రో సొరంగం పారిపోవాలనుకునే నీరే ఇక్కడ తలుపుకు గడియ.

చదువుంది, పిలుపు లేదు

ఈ వృత్తిలోకి వచ్చే దారి కష్టమైందేమీ కాదు. జియాలజీలోనో అప్లైడ్ జియాలజీలోనో ఎం.ఎస్సీ. చేసినవాళ్లు యూపీఎస్సీ కంబైన్డ్ జియో-సైంటిస్ట్ పరీక్ష ద్వారా జియలాజికల్ సర్వేలోకి వెళ్లవచ్చు. మెట్రోలు, జలవిద్యుత్తు, రైల్వే సొరంగాలు, వాటికి సలహాలిచ్చే సంస్థలు మరో దారి. ఉస్మానియా విశ్వవిద్యాలయం జియాలజీ విభాగం, హబ్సిగూడలో ఎన్‌జీఆర్‌ఐ, నాగోలు బండ్లగూడలో జియలాజికల్ సర్వే శిక్షణ సంస్థ, మూడూ ఉప్పల్ నుంచి కూతవేటు దూరంలో ఉన్నాయి. దేశంలో ఇంకే శివారుకూ ఇంత భూవిజ్ఞానం పొరుగున ఉండకపోవచ్చు. కొరత పట్టాలది కాదు. పనిలోకి ఎప్పుడు పిలుస్తారన్నదే సమస్య. మార్గం ఖరారై, టెండరు పిలిచి, తవ్వకం మొదలై, ఏదో ఆగిన తర్వాత జియాలజిస్టును పిలిస్తే ఆయన చేయగలిగింది పోస్టుమార్టం. మార్గం ఇంకా పెన్సిల్ గీతగా ఉన్నప్పుడే పిలిస్తే ఆ గీతను వంద మీటర్లు జరిపి కోట్లు మిగిల్చగలడు. పరిశోధన బోర్లు ఖర్చెక్కువ అన్న అభ్యంతరం ఇక్కడే వీగిపోతుంది. అరిగిన కటర్లు, ఆగిన నెలలు, కుంగిన రోడ్డు కూడా ఒక రకం పరిశోధనే, కాకపోతే అత్యంత ఖరీదైంది.

ఇంకో మాట. ఈ నగరానికి సమాచారం లేకపోవడమంటూ లేదు. బ్రిటన్‌లో భూవిజ్ఞాన సంస్థ పది లక్షలకు పైగా బోరు రికార్డులను ఎవరైనా చూసుకునేలా పెట్టింది. నెదర్లాండ్స్ 2018 నుంచి భూగర్భ సమాచారాన్ని ఒకేచోట నమోదు చేయాలని చట్టమే చేసింది. మన దగ్గర ప్రతి అపార్ట్‌మెంటుకూ ముందు సాయిల్ టెస్ట్ చేస్తారు, పిల్లర్లు లేచాక ఆ రిపోర్టు బీరువాలో పడుతుంది. ప్రతి ఇంటికీ బోరు ఉంది. కేసింగ్ దించేది చివికిన రాయి అయిపోయేంత వరకే కాబట్టి, ఆ పైపు పొడవంటే ఆ స్థలంలో మొరం మందమే. బోరు బండివాళ్లు దాన్ని అడుగుల లెక్కన కొలిచి, రేటు కట్టి, బిల్లులో రాసి మరీ ఇస్తారు. ఒక్కో అంకె అంత కచ్చితం కాకపోవచ్చు, గుండు తగిలితే ఆగిన పైపులూ ఉంటాయి. కానీ వీధికి పది అంకెలుంటే తప్పుడువి వాటంతటవే బయటపడతాయి. 2002 నాటి వాల్టా చట్టం కింద బోరుకు అనుమతి ఇచ్చే ఏర్పాటు ఉండనే ఉంది. ఆ దరఖాస్తుకు కేసింగ్ లోతు, నీరు పడిన లోతు, పొడి రంగు అని మూడు గళ్లు కలిపితే చాలు, ఉప్పల్ కింద ఏముందో చెప్పే పటం ఒక్క రూపాయి డ్రిల్లింగ్ ఖర్చు లేకుండా మొదలవుతుంది. ఆ మూడు గళ్లు కలపమని అధికారులను అడగండి. ఈలోగా మీ ఇంటి బోరు బిల్లు పారేయకండి. అందులో ‘కేసింగ్’ అన్న వరస ఎదురుగా ఉన్న అంకె మీ వీధి భూగర్భ పటంలో మొదటి చుక్క.